ముందు ఎడమ చక్రం

జీపులన్నిటికీ ఆ డబ్బా పెట్టించాలని మా డ్రైవర్ల సంఘం తీర్మానించిన రోజే నా చెవులకు శని పట్టింది. టైరులో గాలి తగ్గితే అది కూస్తుంది. మా జావాలో బ్రోమో అగ్నిపర్వతం కింద ఇసుకలో బండి నడపాలంటే గాలి సగం తీసేయాల్సిందే, లేకపోతే కూరుకుపోతాం. ఆ సంగతి దానికేం తెలుసు? పొద్దున ఇసుకలోకి దిగేముందు అది కూసే హద్దు పన్నెండుకు దించాలి. సాయంత్రం రోడ్డెక్కేముందు గాలి కొట్టి, మళ్లీ ఇరవై నాలుగుకు పెంచాలి. మేమంతా దాన్ని అత్తగారంటాం.

ఆ రోజు మూడో ట్రిప్పు పర్యాటకులను అవతలి హోటల్లో దింపి, ఇసుక మీద అల్లం కాఫీ అమ్మే నా భార్య కస్మిని ఎక్కించుకున్నాను. ఇసుక అంచున ఆగి, నాలుగు చక్రాల వాల్వుల మీది బిళ్లలు విప్పి ఆమె లుంగీలా చుట్టుకున్న సారోంగు మడతలో వేశాను. ఆ బిళ్లలే గాలి సంగతి డబ్బాకు చేరవేస్తాయి. గాలి కొట్టి, బిళ్లలు తిరిగి బిగించి, హద్దు పెంచాను. నడుం విరిగిపోతోంది. కళ్లు మండుతున్నాయి.

"రోజుకు రెండు ట్రిప్పులు చాలయ్యా" అంది కస్మి.

వానాకాలం నుంచీ ఇదే పాట. మోకాళ్ల నొప్పులంటూ అప్పటినుంచి రోజూ నా బండిలోనే ఇంటికొస్తోంది కూడా. "నీకు మోకాళ్లు నొప్పైతే ఇంట్లో కూర్చో, నన్ను చంపకు" అన్నాను.

కొండ ఎక్కి దిగుడు మొదలవుతుండగా డబ్బా కూసింది. ముందు ఎడమ చక్రం, ఇరవై ఒకటి.

"నీ పక్కదే. అంతా నీ బరువు."

"ఆహా, ఇన్నేళ్లూ నన్ను భుజాన మోశావు మరి!"

దిగి ఆ చక్రాన్ని తన్నాను. రాయిలా ఉంది. ఇసుక తిని తిని దీని బుద్ధి చెడిందనుకున్నాను. హద్దు పన్నెండుకు దించేశాను. నోరు మూసుకుంది. అబ్బా, ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో!

రెండు మలుపులు దాటాక మళ్లీ కూసింది. అదే చక్రం. డబ్బాను పూర్తిగా ఆపేద్దామని బటన్ మీద వేలు పెట్టాను. ముందున్నది నిరుడు మా సంఘంలోని సరిపన్ జీపు లోయలోకి పోయిన మలుపు. ఇంకా కంచె కట్టలేదు.

కస్మి నా చెయ్యి పట్టుకుంది. "బండాపు."

"చూశాను కదే, బాగానే ఉంది!"

"నా ఒళ్లో పోసిన బిళ్లలు నాలుగూ కలిసిపోయాయి. ఏది ఏ చక్రానిదో చూసి పెట్టావా?"

చూడలేదు. వాటి మీద అంకెలు ఇసుకకు ఎప్పుడో అరిగిపోయాయి. చేతికి ఏది దొరికితే అది బిగించాను.

నెమ్మదిగా ఆపి, దిగి చుట్టూ తిరిగాను. వెనక కుడి చక్రం నేలకు అతుక్కుపోయి ఉంది. ముందు ఎడమ చక్రం బిళ్లను దీనికి బిగించానన్నమాట. ఆ మలుపులో బ్రేకు తొక్కి ఉంటే టైరు రిమ్ము నుంచి ఊడిపోయేది. అక్కడే మట్టిలో కూలబడ్డాను.

కస్మి జీపులోంచి జాకీ దించింది, నట్లు తన సారోంగులో పోసుకుంది. నేను స్టెప్నీ బిగిస్తుంటే నెమ్మదిగా అంది: "నా మోకాళ్లకేం రోగం రాలేదయ్యా. మూడో ట్రిప్పు నుంచి వచ్చేటప్పుడు రోజూ ఈ దిగుడులో నీ కళ్లు మూతలు పడుతున్నాయి. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పనిస్తేగా."

ఆ బిళ్లను స్టెప్నీకి బిగించి, హద్దు మళ్లీ ఇరవై నాలుగుకు పెట్టాను. బండి నడపడం ఆమెకూ వచ్చు; తాళాలు ఆమెకిచ్చి ఎడమ పక్క సీట్లో కూర్చున్నాను. ఆమె బండి తీసేసరికే నాకు నిద్రపట్టింది.