రూతు పక్కన ఆరడుగులు

డెబ్బై ఆరేళ్ల జీవితంలో నేను ఒక్క అబద్ధమూ ఆడలేదండి. మా నరసాపురం రేవులో ఎవరినైనా అడగండి, నవ్వాపుకుని మరీ చెబుతారు.

ఆ ఉదయం చర్చి సమాధుల తోటలో తబిత చాప పరుచుకుని లేసు అల్లుతోంది. దారిన పోయేవాళ్లు కాలక్షేపం అనుకున్నారు. ఆమె కాస్తున్నది కాపలా. పక్కనున్నది ఆమె అక్క రూతు సమాధి. ముప్పై ఎనిమిదేళ్ల కిందట రూతును గొంతు నులిమి చంపినవాడు కట్టుకున్న మొగుడు అబ్రహామే. యావజ్జీవ శిక్ష పడింది, అనుభవించి వచ్చాడు, కొడుకు పంచన చేరి ముందురోజే పోయాడు. ఆలుమగలను పక్కపక్కన పూడ్చడం ఆ సంఘంలో ఆనవాయితీ. రూతును మట్టి చేసిన నాడే, చేతికి బేడీలు పడ్డ మొగుడి కోసం పక్కన ఆరడుగులు అట్టేపెట్టారు పెద్దమనుషులు! ఎంత ముందుచూపో చూడండి.

గడ్డపారతో వచ్చిన విజయ్ పాల్ ఆ దంపతుల కొడుకు. ఏడాది పిల్లాడిగా తబిత చేతుల్లోకి వచ్చి, ఆమె దగ్గరే పెరిగాడు.

“లే పిన్నీ, పరువు తియ్యకు. నాన్న శిక్ష అనుభవించేశాడు కదా.”

“మీ అమ్మకెందుకురా మళ్లీ శిక్ష? ఆ గోడ వార పెట్టు, నేనూ వచ్చి మట్టి వేస్తాను. ఇక్కడ తవ్వాలంటే ముందు నన్ను తవ్వు.”

సంఘపెద్ద శ్యాంబాబు గారు దగ్గరకొచ్చారు. “మొగుడూ పెళ్లాలన్నాక గొడవలుండవా తబితమ్మా? క్షమించాలమ్మా.”

లేసు సూది ఆగింది.

“గొడవా అండి? మా అక్క మూడుసార్లు సఖినేటిపల్లిలో పంటు ఎక్కి గోదారి దాటి పారిపోయి వచ్చింది. మెడ మీద వేళ్ల గుర్తులు మీరూ చూశారు. ప్రార్థన చేసి, సర్దుకుపొమ్మని మూడుసార్లూ అదే పంటు ఎక్కించారు. ఆఖరిసారి సంచి మోసింది నేనేనండి. పంటు కదిలేదాకా నన్నే చూసింది. నన్నెవరు క్షమిస్తారు?”

విజయ్ పాల్‌కి ఇదంతా తెలియదు. ‘మీ అమ్మ కోపిష్ఠిది’ అని ఊరంతా చెప్పింది. ఆ సంచి సంగతి నోట రాక తబితా దాచింది.

“మూడుసార్లా, తాతగారూ?”

శ్యాంబాబు గారు తల తిప్పుకున్నారు. విజయ్ పాల్ గడ్డపార భుజాన వేసుకుని గోడ వైపు నడిచాడు.

అప్పుడు పెద్దాయన కన్నీళ్లతో అందరి ముందూ అన్నారు: “చంపింది ఒక్కడు. చంపుతాడని తెలిసీ పంపింది మనం. పారిపోయి వచ్చిన ఆడపిల్లను తిరిగి ఆ గుమ్మం ఎక్కించే ప్రతి పెద్దమనిషి చేతికీ ఆ నెత్తురు అంటుతుంది.”

అబద్ధం ఆడనన్నాను కదా, ఆడేశాను. ఆ చివరి మాటలు నా కల్పన. శ్యాంబాబు గారు ఒక్క ముక్కా అనలేదు, టీ చల్లారిపోతోందని వెళ్లిపోయారు.

ఎవరో ఒకరు అనాలి కదండీ. అందుకని నేను అన్నాను.