నయమయ్యేదాకా

ఆ రోజుల్లో చట్టానికి అదో పెద్దమనిషి పట్టింపు. మతి తప్పినవాణ్ని ఉరి తీయకూడదు. వైద్యం చేయించి, కడుపునిండా తిండి పెట్టి, మళ్లీ మనిషయ్యాకే తీయాలి.

అక్కకు ఆ సంగతి పద్నాలుగు నెలలపాటు తెలియదు. ఆమె లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. నీళ్లలో విషం కలుపుతున్నాడంటూ తమ్ముడు ఇంటి యజమానిని గొడ్డలితో నరికేసి ఉరిశిక్ష పడిన దగ్గర్నుంచీ నెలకోసారి జైలు ఆసుపత్రికి వస్తోంది. వచ్చినప్పుడల్లా "నేన్రా, అక్కని" అని ఏడ్చి మొత్తుకునేది. వాడు గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

కిందటి నెల వాడు ఆమె వేళ్లు పట్టుకుని వదల్లేదు. ఆనందం పట్టలేక కాపలా ఆయనతో చెప్పుకుంటే ఆయన ముఖం వాడిపోయింది.

"సంబరపడకమ్మా. నిన్ను గుర్తుపట్టాడంటే డాక్టరుగారు కాగితం రాసేస్తారు. ఆ వారంలోనే ఉరి."

అప్పట్నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఈసారి మానేద్దామనుకుంది కానీ, వాడు గుర్తుపడతాడో లేదో డాక్టరు చూడాలి, రాకపోతే బండి పంపి రప్పిస్తామని జైలు నుంచి కబురొచ్చింది.

ఇవాళ డాక్టరు ఒళ్లో కాగితాల అట్ట పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తమ్ముణ్ని తీసుకొచ్చారు. గడ్డం గీశారు, కాస్త ఒళ్లు కూడా చేశాడు. గుర్తుపట్టకురా నాయనా, నీకు దండం పెడతానని ఆమె లోలోపలే వేడుకుంది.

"అక్కా," అన్నాడు వాడు.

ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లూ ఏడ్చిన మనిషికి ముచ్చెమటలు పోశాయి.

"వాడు ఆడవాళ్లందర్నీ అక్కా అనే అంటాడండీ! తెలిసి కాదు!" అంది గబగబా. తమ్ముడి వైపు తిరిగి, "నేను నీ అక్కని కాదయ్యా, ఎవరో మనిషిని," అంది.

వాడు తెల్లబోయాడు. "అదేంటక్కా? నీ మణికట్టు మీద ఆ మచ్చ ఇస్త్రీపెట్టెది కాదూ? నేను వెనకనుంచి అరిస్తే ఉలిక్కిపడి కాల్చుకున్నావు. నాన్న నన్ను కొడతాడని, పొయ్యి దగ్గర కాలిందని అబద్ధం చెప్పావు."

"నోర్ముయ్! నాకు తమ్ముడే లేడు!"

డాక్టరు తల వంచుకుని రాసుకుపోతున్నాడు. వాడు భయంభయంగా ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"డాక్టరుగారూ, నన్ను తర్వాత చూద్దురుగాని. ముందు మా అక్కని చూడండి. పాపం, తనకి బాగున్నట్టు లేదు."

అంతకన్నా ఏం కావాలి? డాక్టరు సంతకం చేసి, నిజంగానే సంతోషపడుతూ ఆమె వైపు తిరిగాడు.

"మీ తమ్ముడికి పూర్తిగా నయమైందమ్మా."