నడిచే గుడారానికి పగ్గాలు

సాయంత్రం కాగానే మోటారు ఆపి, మేకలకు గడ్డి వేసి, చివరగా గుడారాన్ని కట్టెయ్యడం సౌదీలో బురైదా పక్కన ఆ ఖర్జూరం తోటలో జనార్దన్ పని. మేక వెంట్రుకలతో నేసిన ఆ నల్ల గుడారం, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ అబూ ఫహద్ తల్లిది. కొడుకు మేడ కట్టించినా ఆమె కాపురం అందులోనే. పగ్గం వదులైతే చాలు, గుడారం నడిచిపోయేది. ఓసారి వంకాయ మడిలో కూర్చుంది, ఓసారి రోడ్డెక్కి లారీలు ఆపింది. ముసలమ్మ లోపల గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, కాచుకుంటూ దాంతోపాటే పోయేది. విసిగిన అబూ ఫహద్ ఇనుప మేకులు కొట్టించి, కాపలా జనార్దన్‌కు అప్పగించాడు. కోరుట్లలో గొడ్లను కట్టిన చెయ్యి, వేస్తే ముడే.

ఆ వారం మాత్రం ముడి వేస్తూ వేస్తూ వెనక్కి తిరిగి చూసేవాడు. మోటారు గదిలో లాసినా దాక్కుని ఉన్నాడు మరి.

లాసినాది ఐవరీ కోస్ట్. ఏళ్ల తరబడి జనార్దన్‌తో ఒకే తపేలాలో తిన్నవాడు. నితాఖత్ చట్టం వచ్చి, విదేశీయులు ఎక్కువైతే సంస్థ ఎర్ర రంగులో పడుతుందనగానే, కళ్లెదుట పనిచేస్తున్న మనిషిని పారిపోయాడని అబూ ఫహద్ కంప్యూటర్లో ఎక్కించాడు. దాన్నే హురూబ్ అంటారు. కాగితాల్లేనివాళ్లు వెళ్లిపోవడానికి సర్కారిచ్చిన గడువూ అయిపోయింది. పోలీసులు తోటతోటా గాలిస్తున్నారు.

"పట్టుకుంటే ఏమైతది? ఇంటికే పంపుతరు గద," అన్నాడు వంట చేసే యాదగిరి.

"ఆ ఇంటికే వాడు పోవద్దు, అన్నా," అన్నాడు జనార్దన్.

అక్కడి ఎన్నికల కొట్లాటల్లో లాసినా అన్నను చంపినవాళ్లు ఇంకా అదే వీధిలో తిరుగుతున్నారు. భార్య పిల్లనెత్తుకుని సరిహద్దు దాటి ఘానాలో శరణార్థిగా పేరు రాయించుకుంది. అక్కడ ఆమెకు చట్టం కాపుదల ఉంది. తానూ ఘానా చేరితే ఆ కాపుదల అడగొచ్చు. పాస్‌పోర్టేమో అబూ ఫహద్ బీరువాలో ఉంది.

"పిల్లలు గలోనివి, నీకెందుకు ఈ లొల్లి?" అన్నాడు యాదగిరి. జనార్దన్‌కూ భయమే. అయినా తన వంతు రొట్టె మూటగట్టి మోటారు గదివైపు నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం దాటాక అసర్ నమాజు బాంగు వినిపించిన కాసేపటికి గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. వెనకే అబూ ఫహద్ బండి. అంతే, గుడారం ఈనబోయే బర్రెలా పగ్గాలు గుంజుకోసాగింది.

"జనార్దన్, ఇది ఎటో పోతానంటోంది. విప్పు," అంది ముసలమ్మ లోపలినుంచి.

"మీ కొడుకు నన్ను బతకనియ్యడమ్మా."

"కొడుకును కన్నదీ నేనే, గుడారాన్ని నేసిందీ నేనే. విప్పు."

తాను వేసిన ముడులు తనకే రాలేదు. పళ్లతో లాగాడు. ఆఖరి పగ్గం ఊడగానే గుడారం గడ్డి మడులు తొక్కుకుంటూ వెళ్లి మోటారు గదిని కప్పుకుని కూర్చుంది. తలుపు తోసుకుని వచ్చిన లాసినా గుడారం గుంజను వాటేసుకున్నాడు.

"పట్టుకుంటే చాలదు, నోటితో అడగాలి," అంది ముసలమ్మ.

"దఖీలక్, ఉమ్మీ! నీ శరణు తల్లీ!"

శరణన్నవాణ్ణి గుడారంలోంచి పట్టిచ్చిన ఇంటికి ఆ ఎడారిలో ఎవరూ పిల్లనివ్వరు. పోలీసు అధికారి సంగతి గ్రహించి, బూట్లు బయట విడిచి, గహ్వా అందుకున్నాడు. నింపాదిగా అడిగాడు.

"అబూ ఫహద్, ఇతను పారిపోయాడని రాయించావు. మీ అమ్మ ఇంట్లో ఉన్నాడే?"

అబూ ఫహద్ మొహం కందగడ్డ అయింది. తల్లి వంక చూడలేక ఫోను తీసి, హురూబ్ కొట్టేయమని ఆఫీసులో చెప్పాడు. తానే వెళ్లి పాస్‌పోర్టు తెచ్చాడు.

"టికెట్టు ఘానాకు తియ్యి," అంది ముసలమ్మ. లాసినా చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అధికారి జీపు గేటు దాటింది. అప్పుడు పనివాళ్ల వైపు తిరిగాడు అబూ ఫహద్. "పగ్గాలు విప్పిందెవడు?"

యాదగిరి ఇసుకను చూస్తూ నిలబడ్డాడు. గుడారం బయట ఎర్రటెండలో ఉన్న జనార్దన్ ఓ అడుగు ముందుకేశాడు.

"నేనే."

"అయితే రేపే నీ పేరూ హురూబ్‌లో..."

ఆ మాట పూర్తికాకముందే లాసినా చెయ్యి చాచి, జనార్దన్ మణికట్టు పట్టి లోపలికి లాగాడు. ఇన్నేళ్లూ తపేలా దగ్గర నేర్చుకున్న తెలుగులో చెవిలో అన్నాడు:

"నోటితోని అడగాలె అన్నా. అడుగు."

జనార్దన్ గుంజ పట్టుకుని అడిగాడు.