తీసేసిన ముక్క

గిన్నె మాస్టారు కట్టుడుపళ్ళ పైవరస ఊడదీసి, కుళాయి కింద కడిగి, పొడి చల్లి మళ్ళీ చిగుళ్ళకి అదిమిపెట్టుకున్నాడు. స్టూడియో బాత్‌రూం అద్దంలో చూసుకుంటూ పెదవులు బిగించి గాలి ఊదాడు. పళ్ళు కదల్లేదు. ట్రంపెట్ ఊదేవాడికి పైపళ్ళు కదిలాయంటే ఇక ఇంటికి పోయి కూర్చోవడమే. నిజానికి మాస్టారికి ఇంట్లో కూర్చోవలసిన వయసు ఎప్పుడో దాటిపోయింది గానీ, ఆ సంగతి ఆయనకి చెప్పేంత తీరిక ఎవరికీ లేకపోయింది.

ట్రంపెట్ల వరసలో ఆయనది చివరి కుర్చీ. హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో, బడిపిల్లల పరేడుల్లో ఎక్కడ వాయించినా అదే కుర్చీ. ఆ కుర్చీలో మనిషి రాకపోయినా పాట ఆగదు, వచ్చినా పాట బాగుపడదు. ఇంకెవరైనా అయితే అలాంటి బతుకుని గుట్టుగా గడిపేసేవారు. మాస్టారు గడపలేదు. ఆయనకొక శత్రువున్నాడు.

శత్రువంటే మామూలువాడు కాదు, జనం చెవులు కోసుకునే గాయకుడు. మాస్టారు ఏనాడూ ఆయన్ని పేరుపెట్టి అనలేదు. "మహానుభావుడు" అనేవాడు, పళ్ళ మధ్య నొక్కిపెట్టి. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ మహానుభావుడి పాటలో, రెండు చరణాల మధ్య, మాస్టారు ఒక్కడే ఒక ముక్క వాయించాడు. ఇంట్లోంచి తెచ్చిన స్టీలు గిన్నెని ట్రంపెట్ మూతికి అడ్డం పెట్టి, తీస్తూ మూస్తూ, ఎవరో గదిలో తలుపేసుకుని ఏడుస్తున్నట్టు పలికించాడు. తీరా రికార్డు బయటికొచ్చాక వింటే అందులో ఆ ముక్క లేదు. సంగీత దర్శకుడి దగ్గరికి పరిగెత్తితే, ఆయన చెప్పులు వేసుకుంటూ, "పెద్దాయనకి నచ్చలేదయ్యా" అని కారెక్కిపోయాడు.

ఆ ఒక్క మాటతోనే మాస్టారు కాపురం చేశాడు. మొదట్లో అది "నచ్చలేదట" అనే ఉండేది. తర్వాత "కుళ్ళుకున్నాడు" అయింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యేసరికి "ఆ ట్రంపెట్టయినా ఉండాలి, నేనైనా ఉండాలి" అని మహానుభావుడు మైకు వదిలేసి బయటికి పోయేదాకా వచ్చింది. ఇంటికి చుట్టాలు వస్తే చాలు, బావమరిది సోఫాలో సర్దుక్కూర్చుని, "బావా, ఆ పాటగాడు నిన్నెలా తొక్కేశాడో వీళ్ళకి చెప్పు" అని అందించేవాడు. మాస్టారు వద్దు వద్దంటూనే మొదలుపెట్టేవాడు. ముందు కుర్చీకి ఎందుకు పోలేదంటే మహానుభావుడు. సాధన ఎందుకు చెయ్యవంటే మహానుభావుడు. ఇల్లెందుకు కట్టలేదంటే కూడా మహానుభావుడే. అన్ని చేతకానితనాలనీ మోసిపెట్టే అంత పెద్ద మనిషి ఎవరికి దొరుకుతాడు!

ఒక్క భార్యకే ఆ కథంటే విసుగు. కథ నమ్మకపోవడం అటుంచి, తన గిన్నె పోయిందని. ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెల వరసలోంచి సరిగ్గా నడిమి గిన్నె పట్టుకుపోయాడు. ఈ పొద్దున కూడా గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏమండీ, ఇవాళైనా ఆ గిన్నె ఇంటికొస్తుందా?"

"ఇవాళ దాంతో పనుందే. చూస్తుండు."

పని అలాంటిలాంటిది కాదు. మహానుభావుడు పోయి చాలాకాలమైంది. పోయినవాడి గొంతుకి ఇప్పుడు కొత్త బట్టలు కుట్టిస్తున్నారు. పాత టేపుల్లోంచి గొంతొక్కటే వేరుచేసి, పాత వాయిద్యాలన్నీ అవతల పారేసి, ఆ గొంతు చుట్టూ సాక్సఫోన్లనీ ట్రంపెట్లనీ డ్రమ్ముల్నీ కూర్చోబెట్టి పెద్ద బ్యాండుతో మళ్ళీ రికార్డు చేస్తున్నారు. చచ్చినవాడు పాడుతుంటే బతికున్నవాళ్ళంతా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆయన వెంటపడి వాయించాలి. ఆయన తొందరపడితే తొందరపడాలి, సాగదీస్తే సాగదియ్యాలి. ఒక్కసారి ఆగు నాయనా అంటే ఆగేవాడు కాదుగా. బతికున్నప్పుడూ ఆయన అంతేనని పాతవాళ్ళు చెప్పుకుంటారు. సిగ్గులేని పని అని మాస్టారు మొదటిరోజే తీర్మానించి, మర్నాడు అందరికన్నా ముందొచ్చి కూర్చున్నాడు. ఎందుకంటే జాబితాలో ఆ పాట కూడా ఉంది.

ఇవాళ ఆ పాటే.

బాత్‌రూంలోంచి బయటికొచ్చి బ్యాండ్ లీడరు దగ్గరికి నడిచాడు. ఆమె ఆయన కూతురి వయసు పిల్ల. జుట్టులో పెన్సిలు గుచ్చుకుని కాగితాలు పంచుతోంది.

"అమ్మాయ్, రెండు చరణాల మధ్య ఖాళీ ఉంది చూశావా, అక్కడ నేనొక ముక్క వాయిస్తాను. గిన్నెతో."

ఆమె కాగితం తిరగేసి చూసింది. "అక్కడ అందరూ కలిసి వాయించేలా రాశానే. సరే, వాయించండి మాస్టారూ. బాగోకపోతే తీసేద్దాం."

తీసేద్దాం అన్న మాట మాస్టారి చెవిలో ముల్లులా దిగింది. అయినా పోయి చివరి కుర్చీలో కూర్చుని, సంచీలోంచి గిన్నె తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

హెడ్‌ఫోన్లలో మహానుభావుడు గొంతు సవరించుకున్నాడు. పాట మొదలైంది. మొదటి చరణం అయిపోగానే మాస్టారు లేచి నిలబడ్డాడు. పాడు, ఇప్పుడు మైకు వదిలేసి బయటికి పో, చూద్దాం, అనుకుంటూ గిన్నె అడ్డంపెట్టి ఊదాడు. నిజం చెప్పాలంటే ఆ ముక్క అంత గొప్పదేం కాదు. చెడ్డదీ కాదు. ఒకచోట ఊపిరి చాల్లేదు, ఒకచోట పళ్ళు కదిలాయి. కానీ చివర్లో గిన్నె మెల్లగా తీసినప్పుడు వచ్చిన ఆ మూలుగు మాత్రం ఎవరూ నేర్పితే వచ్చేది కాదు. పక్కనున్న కుర్రవాళ్ళు వాయించడం మానేసి తలలు తిప్పారు. పాట అయ్యాక డ్రమ్ములాయన కర్రల్తో టకటకా కొట్టాడు. లీడరు బొటనవేలెత్తి నవ్వింది.

"భలే ఉంది మాస్టారూ! ఇది ఉంచేస్తున్నాం."

మాస్టారి కళ్ళు చెమర్చాయి. గెలిచాడు. ముప్ఫై ఏళ్ళ అక్కసు ఒక్క దెబ్బకి తీరిపోయింది. చేతిలో గిన్నెతోనే అద్దం అవతలి గదిలోకి, సౌండ్ ఇంజనీరు కూర్చునే చోటికి పోయాడు, ఇంకోసారి వినిపించమని. అక్కడ ఆగలేకపోవడమే ఆయన చేసుకున్న పాపం.

ఇంజనీరు పాటంతా వినిపించాడు. పాట అయిపోయినా టేపు ఆపలేదు. "ఉండండి, వెనకాల పాత మాటలేవో ఉన్నాయి, సరదాగా ఉంటాయి" అన్నాడు. స్పీకర్లలో కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత సంగీత దర్శకుడి గొంతు, కాస్త దూరంగా: "మధ్యలో ట్రంపెట్ ముక్క తీసేస్తున్నానండీ, పాట సాగుతోంది."

దగ్గరగా మహానుభావుడి గొంతు. "ట్రంపెట్ ఉందా అందులో?" ఒక గుక్క తాగిన చప్పుడు. "ఈ టీ చల్లారిపోయిందయ్యా, ఇంకోటి చెప్పు."

ఇంజనీరూ లీడరూ పగలబడి నవ్వారు. మాస్టారు గిన్నె అంచు పట్టుకుని నిలబడ్డాడు. కుళ్ళుకోలేదు. పంతం పట్టలేదు. మైకు వదల్లేదు. అసలు వినను కూడా వినలేదు! తను ముప్ఫై ఏళ్ళు కొట్లాడిన మనిషికి, తనతో కొట్లాట ఉందన్న సంగతే తెలియదు.

"అబ్బ, దీన్ని వదులుకోకూడదు," అంది లీడరు కళ్ళు తుడుచుకుంటూ. "ఆయన మాటలు కూడా రికార్డులో పెట్టమని వాళ్ళబ్బాయి ఎలాగూ అడిగారు. ముందు మాస్టారి ట్రంపెట్ వినిపిస్తుంది, వెంటనే ఈయన 'ట్రంపెట్ ఉందా అందులో' అంటాడు. జనం విరగబడి నవ్వుతారు."

మాస్టారికి ఒక్కసారిగా బావమరిది సోఫా కనబడింది. రికార్డు తిరుగుతోంది. చుట్టాలంతా వింటున్నారు. ట్రంపెట్ ఉందా అందులో. బావమరిది ఇటు తిరుగుతాడు. "ఇదేంటి బావా?"

"ఆ మాట తీసెయ్ అమ్మాయ్."

"అదే కదా మాస్టారూ బాగున్నది."

"నా ముక్క లేకపోతే ఆ మాట పెట్టరు కదా?"

"లేకపోతే ఇంకెందుకు? అర్థం ఉండదుగా."

"అయితే నా ముక్కే తీసెయ్. బాగా రాలేదు. ఊపిరి అందలేదు. పళ్ళు కదిలాయి, నువ్వు వినలేదా? అందరూ కలిసి వాయించేదే పెట్టు. నీ రాతే బాగుంది."

లీడరు నవ్వు ఆపి ఆయన మొహం వైపు చూసింది. తర్వాత చేతిలో వేలాడుతున్న గిన్నె వైపు చూసింది.

"మాస్టారూ, అప్పుడు వాయించింది మీరేనా?"

"నేనా? ఛ ఛ. ఎవడో. నాకేం తెలుసు?"

చూడండి మనిషిని! బతుకంతా ఏ ముక్క నాదీ నాదీ అని కొట్టుకున్నాడో, అది చేతికొచ్చిన రోజున నాది కాదన్నాడు. లీడరు "సరే మాస్టారూ, తీసేస్తాం" అని ఇంజనీరుకి సైగ చేసింది. అతను ఒక మీట నొక్కాడు. మాస్టారు గిన్నెని స్పీకరు మీద పెట్టి, ట్రంపెట్ పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయాడు. గిన్నె సంగతి మర్చిపోయాడు.

ఇంటికొచ్చేసరికి మళ్ళీ మనిషి కుదుటపడ్డాడు. చొక్కా విప్పుతూనే అందుకున్నాడు.

"మళ్ళీ తీయించేశాడే! అందరూ భలే ఉందన్నారు, డ్రమ్ములాయన కర్రల్తో కొట్టాడు. అయినా తీసేశారు."

"చచ్చినవాడెలా తీయిస్తాడండీ?"

"వాడి కొడుకున్నాడుగా. అంతా వాళ్ళ చేతుల్లోనే ఉంది. చచ్చి కూడా నన్ను బతకనివ్వడే వాడు."

ఆ మాటంటుంటే మొహం కళకళలాడిపోయింది. రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు. బావమరిదికి ఫోను చేసి మొదటినుంచీ చెప్పాడు, ఈసారి మహానుభావుడి కొడుకుని కూడా కలిపి. పళ్ళు తీసి గ్లాసు నీళ్ళలో వేసి పడుకున్నాడు. పొద్దున కాఫీకి భార్య లేపితే లేవలేదు.

వచ్చినవాళ్ళకల్లా బావమరిది గుమ్మం దగ్గరే చెప్పి లోపలికి పంపాడు. "మా బావంటే ఆ పాటగాడికి వణుకండీ. రెండుసార్లు తీయించాడు. ఆ దిగులుతోనే బావ పోయాడు." విన్నవాళ్ళు మాస్టారిని మొదటిసారి గౌరవంగా చూశారు.

నాలుగైదు రోజులకి లీడరు వచ్చింది. కాగితంలో చుట్టిన గిన్నెని మాస్టారి భార్య చేతికిచ్చి, పక్కన కూర్చుంది.

"అంత పెద్దాయనకి ఈయన మీద ఎందుకమ్మా అంత కడుపుమంట?" అందామె. "నేనెప్పుడూ నమ్మలేదు. ఆయన గొప్పలకి పోతున్నారనుకునేదాన్ని. నువ్వక్కడున్నావు కదా, చెప్పు. నిజమేనా?"

లీడరు గిన్నె మీది కాగితం విప్పి మడతపెట్టింది.

"నిజమేనండీ. ఆయనకి అస్సలు పడేది కాదు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, లీడరు వెళ్ళాక గిన్నె తోమి, అల్మరా తీసి వరసలో దాని చోట పెట్టబోయింది. ట్రంపెట్ మూతికి కొట్టుకుని కొట్టుకుని అంచంతా సొట్టలు పోయింది. పెద్దదాంట్లో ఇది దిగలేదు, దీంట్లోకి చిన్నది దిగలేదు. చివరికి అన్నిటిమీదా బోర్లించింది. తలుపు మూసినప్పుడల్లా అది అక్కడ కాసేపు ఊగి, టకటకలాడి, ఆగుతుంది.