కొండమీది ఇంట్లో మొదటి రోజు

మొన్న ఉతికి ఆరేసిన చొక్కా ఇంకా చెమ్మగానే ఉంది. టర్కీ తీరాన ఉన్న మెర్సిన్‌లో జూన్ వచ్చిందంటే అంతే. సముద్రం మీది గాలి బట్టల్ని ఆరబెట్టదు సరికదా, ఆరినవాటిని మళ్ళీ తడుపుతుంది. షుక్రాన్ ఇస్త్రీ పెట్టెతోనే దాన్ని ఆరబెడుతుంటే మెడమీంచి జారిన చెమట చుక్క కాలరు మీద పడింది. వెనకనుంచి మొగుడు రిఫత్ అన్నాడు:

"నీకేం, మహారాణివి! రేపు యైలాకి పోతావు. మేమిక్కడ ఉడికి చావాలి, నువ్వక్కడ చల్లగా కూర్చుంటావు."

యైలా అంటే కొండమీది వేసవి ఇల్లు. బడులు మూసెయ్యగానే సగం ఊరు పైకెక్కేస్తుంది. అయితే ఆ ఇంటి తలుపు తెరవాల్సింది కోడలు. అందరికంటే ఒకరోజు ముందు వెళ్ళి, చలికాలమంతా పేరుకున్న దుమ్మూ ఎలకల పెంటా ఊడ్చి, పదకొండు ఉన్ని పరుపులూ ఎండలో వేసి దులపాలి. మర్నాడు జనం దిగేసరికి టీ మరుగుతుండాలి. ఆ తర్వాత వారం వారం చుట్టాలే చుట్టాలు.

మినీ బస్సులో కూర్చున్నాక కూడా 'చల్లగా కూర్చుంటావు' అన్న మాట ఆమెను వదల్లేదు. పందొమ్మిది వేసవులు. ఎప్పుడు కూర్చుంది? పోయినేడు టమాటా గుజ్జు కాస్తూ పొయ్యి ముందు కూర్చుంది. అంతకుముందు ఏడు ఆడపడుచు కూతురికి జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుంది. యైలా పెరట్లో అక్రోటు చెట్టు కింద వెడల్పాటి చెక్కబల్ల ఉంది. దానిమీద ఒక్క మధ్యాహ్నం కళ్ళు మూసుకుని పడుకోవాలని కొత్తకోడలిగా వచ్చిన ఏడే ఆశపడింది. అత్తగారు పడుకుంది, బావగారు పడుకున్నాడు, పొరుగింటాయన గురకపెట్టాడు, ఆఖరికి పిల్లి కూడా పడుకుంది. తను ఒకసారి కాస్త ఆనుకుందో లేదో, అత్తగారు "ఏమ్మా, చేతులు ఖాళీనా? బీన్సు వలువు" అంది. పడుకుంటానని ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి?

పైన్ చెట్లు మొదలయ్యాక కిటికీలోంచి పొడిగాలి వచ్చింది. వీపుకి అతుక్కున్న జాకెట్టు తనంతట తనే ఊడింది. షుక్రాన్‌కి ఏడుపొచ్చింది. ఈ గాలి కోసం తను ఏడాదంతా ఎంత మొహం వాచిపోయిందో అప్పుడే తెలిసింది.

ఇల్లు చేరగానే తలుపు తీసి, అందిన పరుపొకటి ఈడ్చుకొచ్చి, దులిపి, ఆ బల్లమీద పరిచింది. ఒక్క నిమిషం నడుం వాల్చి లేద్దామనుకుంది. మెలకువ వచ్చేసరికి ఎండ పెరటి గోడ దిగిపోయింది. మెడ తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. ఫోను మోగుతోంది.

"పరుపులయ్యాయా?" అన్నాడు రిఫత్. "అన్నయ్య వాళ్ళు కూడా వస్తున్నారు. ఇంకో నాలుగు పక్కలు వెయ్యి."

'చీకటిపడేలోగా చేసేస్తాలే' అన్న మాట నోటిదాకా వచ్చింది. లోపల పది పరుపులూ చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. షుక్రాన్ లేవలేదు.

"రేపు ఎవరూ రావద్దు రిఫత్. ఒక వారం పోయాక రండి."

"అదేంటి! అమ్మ మూటలన్నీ కట్టేసింది. ఏమైంది?"

"ఇంటికి చుట్టం వచ్చింది. పక్క వేసేశాను."

"చెప్పాపెట్టకుండా ఎవరే?"

"నేనే," అంది షుక్రాన్. "పందొమ్మిదేళ్ళకి ఇవాళే వచ్చాను."