తొమ్మిదింటికి రాని నీళ్లు

డ్యాం కింద నదిలో పొగమంచు ఇంకా విడలేదు. నడుం లోతు నీళ్లలో నిలబడి డోయల్ గాలం విసురుతుంటే, ఒడ్డు దగ్గరున్న వెర్లిన్‌కు ఒళ్లు మండిపోతోంది.

మండదా మరి! ఈకలూ దారమూ చుట్టి ఉత్తుత్తి ఈగను కట్టడం, అది నిజం ఈగే అని ట్రౌట్ చేప నమ్మేట్టు నీటి మీద వాల్చడం, పెళ్లాం తమ్ముడు కదా అని డోయల్‌కు చేయి పట్టి నేర్పింది తనే. ఇప్పుడు ఈ ఆర్కన్సా కొండల్లో ఏ పడవల రేవులో అడిగినా డోయల్ పేరే చెబుతారు. కట్టుకున్న బెర్నీస్ కూడా భోజనాల దగ్గర తమ్ముడి చేపల గొప్పలే చెబుతుంది.

పెద్ద బండ పక్కన మడుగులో ఒక ముసలి ట్రౌట్ ఉంది. మూడేళ్లుగా వెర్లిన్ దాని కోసమే వస్తున్నాడు. ఈరోజు డోయల్ ముందే వెళ్లి అక్కడ నిలబడ్డాడు. ముందు నిలబడ్డవాడిదే చోటు. తప్పుకోమని అడగడం ఆ నది మీద మర్యాద కాదు.

డ్యాంవాళ్లు నీళ్లు వదిలితే అరగంటలో ఆ మడుగు తల మునిగేంత లోతవుతుంది. ఎన్నింటికి వదులుతారో డ్యాం ఆఫీసుకు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు చెబుతుంది. ఇద్దరికీ కలిపి పొద్దున్నే కనుక్కోవడం పెద్దవాడిగా వెర్లిన్ పని. ఈరోజు పన్నెండింటికని విన్నాడు.

"నీళ్లు ఎన్నింటికి బావా?" అని అడిగాడు డోయల్.

"తొమ్మిదింటికి. ఇంకెంతోసేపు లేదు, నువ్వెళ్లి ఒడ్డెక్కు. నేను రెండు విసుర్లు వేసి వస్తా."

డోయల్ అతని ముఖంలోకి ఒకసారి చూసి, దారం చుట్టుకుని ఒడ్డెక్కాడు. వెర్లిన్ గబగబా మడుగు దగ్గరికి వెళ్లాడు. ఆరో విసురుకు ముసలి ట్రౌట్ ఈగను మింగింది. డోయలే మళ్లీ నీళ్లలో దిగి వల పట్టాడు. మూరెడు చేప. ఫోటో తీసి వదిలేశారు.

ఒడ్డున కాఫీ పోసుకున్నారు. నీటి అంచున గుర్తుకు పెట్టిన రాయి తొమ్మిదిన్నరైనా తడవలేదు. వెర్లిన్ డ్యాంవాళ్లను తిట్టడం మొదలుపెట్టాడు.

"పాపం, వాళ్లనెందుకంటావు? వదిలేది పన్నెండింటికి కదా," అన్నాడు డోయల్. "నేనూ ఫోన్ చేశాలే."

"మరెందుకు బయటికొచ్చావురా?"

"ఆ చోటు నీకు కావాలని మూడేళ్లుగా చూస్తున్నా. నువ్వు నోరు తెరిచి అడగవు కదా బావా."

వెర్లిన్ మిగిలిన కాఫీ నేల మీద పారబోశాడు. ఒక్క చేపైనా తనదనుకున్నాడు, అదీ వీడు పెట్టిన భిక్షే అయింది.

సాయంత్రం ఇంట్లో డోయల్ ఆ ఫోటో చూపించి, "చూడక్కా, బావ ఎంత చేప పట్టాడో," అన్నాడు. బెర్నీస్ మురిసిపోయి మొగుడికి ఇంకో ముక్క కోడి వేపుడు వడ్డించింది. వెర్లిన్ తల వంచుకుని తిన్నాడు. వాడికి చేపలు పట్టడం నేర్పింది తనే. ఈ పెద్దమనసు మాత్రం తను నేర్పింది కాదు, దాన్ని చూసి ఇంకా కుళ్లుకున్నాడు.