ఎండకాలంల గొంగడి

పొద్దుగాల లేవంగనే బీరమ్మ చేసే మొదటి పని ఇంటి గొంగడి దులిపి చూసుడు. కొల్లాపూర్ దాపున గొర్లు కాసే కురుమోళ్ల ఇల్లు అది. ఆమె మామ సొంతంగ నేసిన నల్ల గొంగడి. ఎవరు కప్పుకొని పండితే వాళ్లకు రోగమున్న జాగాల ఉన్ని తెల్లబడేది, నయమైతే మళ్ల నల్లబడేది. మోకాళ్లకాడ తెల్లబడితే బీరమ్మ నూనె రాసుకునేది. కొడుకు దశరథ్‌కు కడుపుకాడ తెల్లబడితే కారం బంద్ పెట్టేది. గంతే. ఊర్లె దాని గురించి ఎవరూ మాట్లాడేది లేదు.

బిడ్డ పుట్టిన ఆర్నెల్లకు కోడలు అండాలు మనిషే మారిపోయింది. మొఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. వాకిలి సగం ఊడ్చి చీపురు పట్టుకొనే నిలబడేది. దూలం దిక్కు చూసి ఎవరితోనో మాట్లాడేది. పట్నం నుంచి వచ్చే, పిచ్చికి మందిచ్చే డాక్టరు ఆమె చెయ్యి పట్టి చూడలేదు, కుర్చీల నుంచి లేవలేదు, గోళీలు రాసిండు. అవి మింగి ఇంకింత మొద్దుబారింది.

నడి ఎండకాలం అడిగేది: "సలి పెడతాంది అత్తమ్మా. జర గొంగడి కప్పవా?"

"ఇన్నవారా దశరథూ, నిప్పులు కురిసే ఎండల గొంగడంట! ఇగ ఏం సాక్ష్యం కావాలెరా నీకు?" అన్నది బీరమ్మ. "మన బీరప్ప దేవుని పండుగకు పరిచే గొంగడి. పిచ్చోళ్లకు కప్పుతె మైలపడ్తది. అయినా పిచ్చి ఒంట్ల ఉంటదా, తెల్లబడి చూపెట్టనీకె?"

పిల్ల మనస్వినిని ఆడబిడ్డ స్వరూప ఒళ్లె పెట్టిండ్రు. అండాలును తల్లిగారింటికాడ దింపి, మళ్ల తీసుకరావద్దని మాట అనుకున్నరు.

ఆటో వచ్చిననాడు అండాలు లేవలేదు. పిలిస్తే పలకలేదు. కాళ్లు చేతులు మంచులెక్క. పాణం పోయేటోళ్లకు ఇంటి గొంగడి కప్పుడు ఆ ఇంటి పద్ధతి, అప్పుడు మైల పట్టింపు లేదు. పద్ధతి తప్పే మనిషి కాదు బీరమ్మ. కప్పి, చెంబుల నీళ్లు పట్టుకొని వచ్చేసరికి గొంతుకాడ అరచెయ్యంత మేర ఉన్ని పాలలెక్క తెల్లబడ్డది.

చెంబు కింద పెట్టింది.

"ఒరే, ఇది పిచ్చి కాదురా. గొంతుల రోగం. ఆటోను దవాఖానకు మళ్లియ్యి!"

"ఏ డాక్టరు కాడికే అమ్మా?"

"మనిషిని ముట్టుకొని చూసేటోళ్ల కాడికి!"

డాక్టరమ్మ గొంతు తడిమింది, రక్తం తీయించింది. థైరాయిడ్ పనిచేస్తలేదని, అందుకే ఒళ్లు సల్లబడి మతి తప్పిందని చెప్పింది. "సలి అని ఎన్నడూ అనలేదా ఈమె?" అని అడిగింది.

వానలు పడేనాటికి అండాలు తన కాళ్ల మీద నడిచి ఇంటికి వచ్చింది. మాట తేటగైంది. చేతులు చాపి బిడ్డను పిలిచింది. పిల్ల బెదిరి, స్వరూప కొంగుల తలకాయ దాచుకొని "అమ్మా" అని మేనత్తనే పిలిచింది.

"దినాం చూస్తే అలవాటైతది తీయ్," అని బీరమ్మ గొంగడి తెచ్చింది. "ముసురు పట్టింది. కప్పుకో బిడ్డా."

"ఇప్పుడు నాకు సలి లేదత్తమ్మా," అన్నది అండాలు.

బీరమ్మనే అది కప్పుకొని పండింది. తెల్లారి వాకిట్లకు తెచ్చి, వెలుతురుకు పట్టి, కోడలి మాట గుచ్చుకున్న ఎదకాడ వెతికింది. తిరగేసి మళ్ల వెతికింది. ఎప్పటి మోకాళ్లకాడ తప్ప ఎక్కడా తెలుపు లేదు.